చిటికెన వేలు

“కత్తి నీ చేతికే ఇచ్చాంగా. ఇంకా నా మొహం చూస్తావేం?” అంది పెద్ద డాక్టరు.

శిష్యురాలు లైటు కిందున్న చేతివైపు తిరిగింది. రోగిని మెడదాకా పచ్చగుడ్డతో కప్పి, ఎడమ చెయ్యి ఒక్కటే బయట ఉంచారు. మత్తు కూడా ఆ చేతికే, అదీ నొప్పి తెలియకుండా మాత్రమే. చిటికెన వేలూ, ఉంగరం వేలూ అరచేతిలోకి ముడుచుకుని అతుక్కుపోయి ఉన్నాయి.

చిన్నప్పుడు కాలిన చెయ్యి అది. అమ్మానాన్నల్లేని పిల్ల, మేనత్త పంచన పెరిగింది. మరిగే నీళ్లు మీద పడితే, ఆస్పత్రిలో పడుకోబెడితే అంట్లెవరు తోముతారని మేనత్త ఓ పాత గుడ్డ చుట్టి ఊరుకుంది. విప్పేసరికి వేళ్లు అలా తయారయ్యాయి. పైగా, ఈ చేత్తో నువ్వేం ఉద్ధరిస్తావే అని దెప్పడం. పిల్ల మాత్రం మొండిఘటం. ఆ చేత్తోనే అంట్లు తోమింది, ఆ చేత్తోనే పుస్తకమూ పట్టింది.

తలుపు దగ్గర సూపరింటెండెంటు మళ్లీ మొదలెట్టాడు. ఇంత పాత గాయాన్ని కదపకూడదని పుస్తకాలన్నీ మొత్తుకుంటున్నాయట. ఈ పద్ధతి పెద్ద డాక్టరు బుర్రలో పుట్టిందే తప్ప ఎక్కడా ఎవరూ చెయ్యలేదట. పిల్లల వార్డులో ఇలాంటి చేతులే ఎన్నో ఉన్నాయి. వాళ్ల తల్లిదండ్రుల్ని బెదరగొట్టి వెనక్కి లాగింది ఈ మహానుభావుడే. ఇవాళ ఇది చెడిందంటే ఆ పిల్లలంతా ముడుచుకున్న వేళ్లతోనే ఇంటిదారి పట్టాలి.

“బాగానే పనికొస్తున్న చెయ్యి కదమ్మా. నరం తెగితే?”

“బాగానే పనికొస్తోందో లేదో ఆ చెయ్యి ఉన్నవాళ్లు చెప్పాలి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కాదు.”

“రేపు జవాబెవరు చెప్తారు?”

“నేనే. ఆ తలుపు వేసుకుని వెళ్లండి.”

ఆయన వెళ్లలేదు. నర్సు నవ్వాపుకుంటూ, పెద్ద డాక్టరు అడిగినట్టు పైనున్న అద్దాన్ని కాస్త వంచింది.

“ఆగు,” అంది పెద్ద డాక్టరు అందులోకి చూస్తూ. “తెల్లగా దారంలా ఉందే, అదే నరం. దాని జోలికి పోకుండా పక్కనుంచి రా.”

శిష్యురాలు కత్తి ఆపేసింది. మీరే చేస్తే బాగుండేది మేడమ్ అని గొణిగింది.

“నాకూ చెయ్యాలనే ఉంది, కుదరదుగా. నేర్పింది నేనే కదా, నా చదువు మీద నీకు నమ్మకం లేదా?”

ఆ మాటతో కత్తి కుదురుగా కదిలింది. వేళ్లు అరచేతినుంచి విడివడ్డాయి. కుట్లు వేసేముందు అవి కదులుతాయో లేదో చూడాలి. నరం బతికుందో లేదో తేలేది అప్పుడే.

“ఒక్కసారి చిటికెన వేలు చాపండి,” అంది శిష్యురాలు.

వేలు కదల్లేదు. శిష్యురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చెప్పలేదా అన్నట్టు సూపరింటెండెంటు ఓ అడుగు లోపలికి వేశాడు.

బల్ల మీద పడుకున్న పెద్ద డాక్టరు, ఆయన్నే చూస్తూ, తన చిటికెన వేలు చాపింది.