రాసిన చెయ్యి

"ఇదేనా మాస్టారూ మీ నిఘంటువు?" అన్నాడు ప్రచురణకర్త గుమ్మంలోనే ఆగిపోయి.

గదిలో సగం గుట్టే. చీటీలు, చీటీల కట్టలు, కట్టలు నింపిన అట్టపెట్టెలు, ఆ పెట్టెల మీద మళ్ళీ చీటీలు. ఇటు గోడ కట్టినట్టు మొదలై అటు కిటికీ దాకా పోయాయి. ప్రచురణకర్త ఆరడుగుల మనిషి. మునివేళ్ళ మీద లేచి చూసినా అవతలి పక్క కనబడలేదు.

"పద్నాలుగేళ్ళ పంట. నలభై వేల ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు, పుట్టుపూర్వోత్తరాలు. కూర్చో, వెనకబెంచీ," అన్నారు మాస్టారు.

బళ్ళో ఇంగ్లీషు చెప్పిన మనిషి ముందు ఎంత పెద్ద అచ్చాఫీసు యజమానికైనా పాత పేరు చెరిగిపోదు. ప్రచురణకర్త కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీశాడు.

"ఒప్పందం రద్దు చేసుకుందామండీ. కోప్పడకండి. ఇందులో ఒక మాట దొరకాలంటే ఊరంతా దిగి వెతకాలి. కింద వ్యాను పెట్టించాను. అట్టల మిల్లువాళ్ళు తూకానికి తీసుకుంటారట."

మాస్టారు నవ్వారు.

"దొరకదని ఎవరన్నారు? అడిగి చూడు."

"సరే. ఐదు మాటలు అడుగుతాను. ఐదూ దొరికితే ఇక్కడే కొత్త ఒప్పందం రాస్తాను. ఒక్కటి తప్పినా వ్యానే. పక్కన అందించేవాళ్ళు ఉండకూడదు. రాసిన చెయ్యే తియ్యాలి."

"రాసిన చెయ్యే తీస్తుంది. మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను. అమ్మగారేరీ?"

"టీ పెట్టి లోపలికెళ్ళింది. సర్దుకుంటోంది."

పళ్ళెంలో మూడు కప్పులున్నాయి. ఒకటి అతని ముందు పెట్టి, ఒకటి తాను తీసుకుని, మూడోది గుట్టలో రెండు పెట్టెల మధ్య సందులోకి జరిపారు మాస్టారు.

"అదెవరికండీ?"

"గుట్టకి. టీ పడందే చెప్పిన మాట వినదు."

ప్రచురణకర్తకు నవ్వొచ్చింది. చిన్నప్పుడూ ఈయన కోతలు ఇలాగే ఉండేవి. "అయితే నా టీ చల్లారేలోగా ఐదూ రావాలి. మాటలు కూడా మీ గుట్టకి తగినవే అడుగుతా. ఇంగ్లీషులో చిందరవందరకి ఉన్న పేర్లన్నీ. మొదటిది లిట్టర్."

మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "గట్టిగా అనవోయ్. క్లాసులోనూ ఇంతే, నోట్లో గొణుక్కునేవాడివి."

"లిట్టర్," అని అరిచాడు.

"ఆఁ, లిట్టర్. అది మొదట చెత్త కాదురా, పడక. గొప్పవాళ్ళు దాని మీద పడుకుంటే మనుషులు మోసుకుపోయేవాళ్ళు. తర్వాత పశువుల కింద పరిచే గడ్డిని అన్నారు. గడ్డి నాలుగు వైపులా చెదిరితే ఏమవుతుంది? దొరగారి పరుపు కాస్తా రోడ్డు మీద చిత్తుకాగితమైంది. మనుషులకే కాదు, మాటలకీ రోజులు మారతాయి."

చెబుతూనే మోచేతి దాకా చెయ్యి సందులోకి దూర్చి చీటీ లాగారు. లిట్టరే.

ప్రచురణకర్త దాన్ని తిప్పి చూశాడు. "దస్తూరీ ముత్యాల్లా ఉందే. బోర్డు మీద మీ అక్షరాలు కోడి కెలికినట్టుండేవి."

"వయసొచ్చాక కోడి కుదుటపడింది. రెండోది?"

"మెస్."

"మెస్సా," అన్నారు మాస్టారు ఇల్లంతా వినబడేలా. "అది తిండి. బల్ల మీద ఒకరికి వడ్డించిన వాటా. తర్వాత ఆ వాటా కలగాపులగమై పశువుల కుడితి దాకా దిగింది. ఆఖరికి గందరగోళంలో తేలింది."

చెయ్యి, సందు, చీటీ. మూడోది క్లట్టర్. నెత్తురు గడ్డకడితే క్లాట్ అంటారు చూశావూ, ఆ మాటకి చుట్టం, సామాను గడ్డకడితే క్లట్టర్ అన్నారు. అదీ వచ్చింది. నాలుగోది ఫరాగో.

"లాటిన్ రైతు పశువులకు కలిపి వేసిన దాణా. నువ్వు అచ్చేసే పుస్తకాల్లో సగం అదే."

ఫరాగో కూడా చేతిలో పడ్డాక గానీ ప్రచురణకర్త తన కప్పు వంక చూడలేదు.

"దీని మీద సాసరెవరు మూతపెట్టారు?"

"నేనే. పెట్టకూడదని నువ్వు అనలేదుగా."

"ఐదోది హాచ్‌పాచ్," అన్నాడతను పళ్ళు బిగించి.

ఈసారి చెయ్యి ఉత్తదే బయటికొచ్చింది. కింద వ్యాను హారన్ మోగింది. గుట్టలో ఎక్కడో ఏదో గరగరలాడింది.

"ఎలుకలున్నాయా?"

"ఒక్కటే. నాకంటే ఎక్కువ చదివింది." మాస్టారు మళ్ళీ చెయ్యి దూర్చారు. "హాచ్‌పాచ్ అంటే ఊపే కుండ. ఉన్నవన్నీ కుండలో పడేసి ఊపేవాళ్ళట ఫ్రెంచివాళ్ళు. ఆ మాటను లాయర్లు ఎత్తుకుపోయారు. ఆస్తులన్నీ ఒకచోట కలిపి అందరికీ సమంగా పంచితే దానికీ ఆ కుండ పేరే పెట్టారు."

కథ అయిపోయింది. చీటీ రాలేదు.

"ఇంతకీ ఆ కుండ ఎలాంటిదంటావా..."

"కుండ సంగతి వద్దండీ. చీటీ."

మాస్టారి వేళ్ళు చటుక్కున ముడుచుకున్నాయి. ఐదో చీటీ బయటికొచ్చింది.

ప్రచురణకర్త రెండుసార్లు చదివాడు. రద్దు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. మెట్ల దగ్గరికెళ్ళి వ్యాను పంపించేసి వచ్చి టీ తాగాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఓడిపోయాను మాస్టారూ. మీ గుట్టకి దణ్ణం. ఒక్క చీటీ కదిపినా ఊరుకోను." కూర్చుని కొత్త ఒప్పందం రాశాడు. "అట్ట మీద మీ పేరేగా?"

"రెండు పేర్లకు చోటు వదులు. సమంగా. హాచ్‌పాచ్ న్యాయం."

"అబ్బే, నా పేరెందుకండీ," అంటూనే కాలరు సర్దుకుని, పేర్ల కోసం రెండు గీతలు గీసి సంతకం పెట్టాడతను. మాస్టారూ పెట్టారు. కోడి కెలికినట్టే వచ్చింది.

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది. మాస్టారు తలుపు గడియ వేసి, సందులోంచి ఖాళీ కప్పు తీసి, ఒప్పందం కాగితాన్ని ఆ సందులోకే జరిపారు.

"ముందు పేరు నాదేగా?" అంది గుట్టలోంచి మాస్టారి భార్య.