ఊగని కుర్చీ

...కర్రకి నొప్పి తెలుస్తుందా అని కాదు, కట్లు విప్పాక ఒక్కసారైనా తన పాత తిన్నదనం దానికి గుర్తొస్తుందా అని ఆమె సందేహం.

మొదటిరోజు అన్నయ్యే చెప్పాడు, కుర్చీ చేతిని ముద్దుగా నిమురుతూ. తిన్నని కర్రని ఆవిరి పెట్టెలో ఉడికిస్తారట. మెత్తబడగానే ఇనుప అచ్చుకి వంచి బిగించేస్తారట. ఆరేదాకా అది బందీ. ఆ తర్వాత విప్పేసినా ఎటూ పోదు, వంగినట్టే ఉండిపోతుంది.

"అతుకు కనిపిస్తోందా? కాలు ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో చెప్పు చూద్దాం!"

ఆమె చెప్పలేకపోయింది. ఈ ఇంట్లో తన సంగతీ అంతే. వంటమనిషి ఎక్కడ ఆగిందో, చెల్లెలు ఎక్కడ మొదలైందో పదిహేనేళ్లుగా ఎవరికీ తెలియదు.

ఇది పదకొండో రోజు. అన్నయ్య బొమ్మ వేస్తుంటే ఊగే కుర్చీలో ఊగకుండా కూర్చోవడం. బాగా వెనక్కి వాలాలి. మడమ కదిలితే కుర్చీ కదులుతుంది. కుర్చీ కదిలితే అన్నయ్య "ప్చ్" అంటాడు.

తలుపు పక్కన సంచి సర్ది ఉంది. సంచిలో ఉత్తరం. పక్క ఊరి గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. ఉండడానికి ఒక గది. గడువు ఒకసారి పెంచారు. ఈ సాయంత్రంలోగా చేరకపోతే ఆ పని మరొకరిది. వేళకి చేర్చే బస్సు ఒక్కటే, పదకొండున్నరకి. గోడగడియారం పదీ యాభై చూపిస్తోంది.

"అన్నయ్యా, ఇంకెంతసేపు?"

"అటు తిరక్కు, నీతోపాటు కుర్చీ తిరుగుతోంది. నీకంటే ఆ గడియారం నయం. తగిలించినచోటే ఉండి తన పని తను చూసుకుంటుంది."

"దానికి కాళ్లు తిమ్మిరెక్కవుగా!"

అతను కుంచె చివరతో గాలిలో ఏదో కొలిచాడు.

"చేతులు ఒళ్లోకి తీసుకో. ఆ శాలువా తీసెయ్, అడ్డమొస్తోంది. ఆఁ... అలా. కదలకు తల్లీ, ఈ వంపు మళ్లీ దొరకదు."

తల్లీ! ఎన్నేళ్లయింది ఆ పిలుపు విని. లేవబోయిన ప్రతిసారీ ఇలాంటి మాటొకటి వచ్చి పడుతుంది. ఆమె మళ్లీ బిగుసుకుపోతుంది.

అసలు మొదటిరోజే వెళ్లిపోవలసింది. సంచి భుజాన వేసుకున్నాక, "వచ్చి ఇందులో కూర్చో" అన్నాడు అన్నయ్య. వీధిలో అందరి బొమ్మలూ వేశాడు. పాలవాడిది, పోస్టుమనిషిది, ఆఖరికి ఇంటి యజమాని కుక్కది కూడా. తనవైపు మాత్రం ఎప్పుడూ ఇలా రోజంతా కళ్లు చికిలించి చూడలేదు. ఆ చూపు కోసమే సంచి కిందపెట్టింది.

ఇక్కణ్ణించి ఆమెకి కనిపించేది బొమ్మ వెనకవైపే. పూర్తయ్యేదాకా అతను ఎవరికీ చూపించడు. సాయంత్రం కాగానే గోడవైపు తిప్పేస్తాడు.

"మొహం ఎలా పెట్టుకోను?" అని మాత్రం అడిగింది ఆరోజు.

"నీ ఇష్టం."

ఆ రెండు ముక్కల్నీ పదకొండు రోజులుగా దాచుకుంది. నువ్వు నీలా ఉండు అన్న మనిషి ఆమెకి ఇంతవరకూ తగల్లేదు.

తనలా అంటే ఎలా? ఎవరో చూస్తున్నంతసేపే తను ఉన్నట్టా? రేపు ఆ బొమ్మ గోడకెక్కుతుంది. అందులో తను కూర్చునే ఉంటుంది. ఎవరూ లేవమనరు.

మడమ కింద నేల చల్లగా తగిలింది. ఆమె తన చుట్టూ చూసుకుంది. తాడు లేదు, ఇనుప అచ్చు లేదు. ఎవరో ఎప్పుడో విప్పేసి ఉంటారు. తనే వంగి ఉంది.

పదకొండూ ఐదు.

"అన్నయ్యా, నేను వెళ్తున్నాను."

"రేపు వెళ్లొచ్చులే. ఒక్క పూట ఓపిక పట్టు. ఇప్పుడు లేచావంటే పదకొండు రోజుల పని మట్టిపాలే."

ఆమె లేచింది.

బరువు పోగానే కుర్చీ ముందుకి తూలి ఊగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అతను అరుస్తాడనుకుంది. చెయ్యి పట్టుకుని ఆపుతాడనుకుంది. కనీసం బతిమాలతాడనుకుంది. అతను కుర్చీవంకే చూస్తూ కుంచెని చెవిమీద దోపుకున్నాడు.

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"వెళ్తే వెళ్లావు గానీ, నా వెనక ఆ మూల ప్లాస్టర్ బస్తా ఉంది చూడు, దాన్ని కాస్త ఈ కుర్చీలో పెట్టి వెళ్లు. నీ అంత బరువు రాదులే, పైన నాలుగు పుస్తకాలు వేసుకుంటే సరిపోతుంది."

ఆమె బస్తాని గుండెలకి ఎత్తుకుని అతని పక్కనుంచి వస్తూ, వెనక్కి వాలి అలాగే నిలిచిపోయిన ఖాళీ కుర్చీ బొమ్మని మొదటిసారి చూసి, బస్తాని తను లేచిన చోట జాగ్రత్తగా కూర్చోబెట్టింది.