ఆఖరి చుక్కలు

వెనక ఎవరో దగ్గారు. బల్ల అదిరింది. గాజుపలకలో రెండు చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

"మళ్ళీ వచ్చారా మీరు!" చుక్కలమ్మ కస్సుమంది.

ప్రయోగశాలలో ఆమెకు ఆ పేరే స్థిరపడింది. చుక్కలతో పని చేస్తుందని కొందరు, తోటివాళ్ళకు చుక్కలు చూపిస్తుందని మరికొందరు అలా పిలిచేవారు.

వేలెడంత గాజుపలక. అందులో వెంట్రుకంత సన్నటి కాలువలు. నూనెలో తేలుతూ వరసగా రక్తపు చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో పరీక్ష; రెండు కలిస్తే రెండూ పాడైనట్టే. జబ్బు విషం తగలగానే చుక్క పచ్చగా వెలిగితే, రక్తం ఆ విషాన్ని విరిచేసినట్టు.

ఆ జబ్బును గెలిచినవాడు ఒక్కడే. మందు తయారీకి ఆధారమైన, ఊరూపేరూ తెలియని ఆ దాత రక్తం సీసా అడుగుకు చేరింది. చుక్కలమ్మ చెల్లెలు అదే జబ్బుతో మంచం పట్టింది.

"ఒక్కసారి ఆ చుక్కలు చూపించవా తల్లీ?" అన్నాడు ఇందాక దగ్గిన పెద్దాయన, బల్ల పట్టుకుని.

"ఇదేమైనా సినిమానా బాబాయ్?"

"పచ్చగా వెలుగుతోందటగా?"

"వెలుగుతోంది. అయితే?"

"ఇంకా పని చేస్తోందన్నమాట!" ఆయన ముఖం విప్పారింది. "ఇంకా కావాలా?"

"కావాలి. మీరు తెచ్చిస్తారా ఏంటి?" అంది వెటకారంగా.

"అందుకే..." మిగతా మాట దగ్గులో కొట్టుకుపోయింది. ఇంకో రెండు చుక్కలు కలిసిపోయాయి.

"మీకు దణ్ణం పెడతాను, ఇటు రాకండి!"

ఆయనను బయటికి పంపి గడియ పెట్టింది.

ఆయన మళ్ళీ రాలేదు. దగ్గు మాత్రం వచ్చేది. గడియ పెట్టిన గదిలో, సరిగ్గా వీపు వెనక వినిపించేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. బల్ల కదలకపోయినా చుక్కలు కలిసిపోయేవి.

చివరికి సీసా ఖాళీ అయింది. రక్తం సేకరించే నర్సుకు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ దాతను ఇంకొక్కసారి పిలిపించు. కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయన పోయారమ్మా."

"ఒంట్లో బాగోలేదని ముందే చెప్పకూడదా? నేనే వెళ్ళి బతిమాలుకునేదాన్ని కదక్కా!"

"బతిమాలడమెందుకు? మీ చెల్లెలి సంగతి చెప్పాను. ఓపికున్నప్పుడే ఇంకాస్త ఇచ్చేస్తానంటూ, దగ్గుకుంటూ రోజూ మీ గదికే వచ్చేవారు కదమ్మా!"

చుక్కలమ్మ ఫోన్ పక్కన పెట్టి గాజుపలక వైపు తిరిగింది.

పోయినవాళ్ళు చుక్కలైపోతారని చిన్నప్పుడు అమ్మ చెప్పేది. గాజుపలకలో మిగిలిన ఆఖరి చుక్కలు పచ్చగా వెలుగుతూ, వెనక ఎవరో దగ్గినట్టు, ఒక్కసారి అదిరాయి.