పరాయి ముడి

రేవు గట్టు మీద వల పరిచి, చిరుగుల కోసం వేళ్ళతో తడుముతున్న డోరిండా చటుక్కున ఆగింది.

"ఈ ముడి నాది కాదు. ఎవత్తి వేసింది?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నేనే వేశా," అన్నాడు ఫుకో.

"నువ్వా! వల బాగుచెయ్యడం ఆడవాళ్ళ పనని ముప్ఫై ఏళ్ళు సూది ముట్టనోడివి! గాలివానని మూరోస్ రేవులో రెండు రోజులు ఆగావే, అక్కడ ఎవత్తో దొరికిందా?"

ఫుకో సూది అందుకుని, ఆమె చేతికిందే ఇంకో ముడి వేశాడు. అదే వంకర, అదే బిగువు.

"ఎందుకు నేర్చుకున్నావు?" డోరిండా గొంతు తగ్గింది.

"నీ ముడులు నీళ్ళలో జారిపోతున్నాయే. పడవలో వాళ్ళు చూడకముందే మళ్ళీ వేస్తున్నా."

"నాకు చూపు తగ్గిందని ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు వలని వేళ్ళతో చూడ్డం మొదలెట్టినప్పుడు."