కెమెరాకు బొట్టు

"బైకే అడ్డమొచ్చిండాది సామీ. కారు కెమెరాలో చూడు, మా శేషు తప్పు లేదు," అంది ఓబులమ్మ.

ఆళ్లగడ్డ దగ్గర కారు ఢీకొని బైకు మీదాయన చనిపోయాడు. డ్రైవరు శేషు స్టేషన్లో ఉన్నాడు.

కారు యజమాని మహానందయ్య వీడియో పెట్టాడు. తెరంతా ఎరుపే.

"ఏందీ? కెమెరా చెడిపోయిందా?"

"ఎండకు గూడా చెడిపోని కెమెరా. శుక్రవారం కారు మీ ఇంటికాడ ఉన్నప్పుడు పూజ చేసి, దీని అద్దానికి కుంకుమ పెట్టిందెవురు?"

ఓబులమ్మ కొంగుతో తెర తుడిచింది.

"మాటలైతే పడినాయి. విను," అంటూ ఆయన సౌండు పెంచాడు.

"అన్నా, కెమెరాకు బొట్టుండాది, తుడ్చు." కారెక్కినవాడి గొంతు.

శేషు నవ్వాడు. "మాయమ్మ పెట్టిందప్పా. అదుంటే నాకేం గాదంట."

"ఆపు సామీ," అంది ఓబులమ్మ.

మహానందయ్య మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.