నాన్న లోపలున్నారు

లా ఎందుకు చదివారని అడిగితే ఒక్కరూ నిజం చెప్పరని పెద్ద లాయరుగారికి గట్టి అనుమానం. ఆ ఉదయం జూనియర్ ఉద్యోగానికి వచ్చినవాళ్ళెవరూ ఆ అనుమానాన్ని వమ్ము చెయ్యలేదు. ఒకతను పేదలకు న్యాయం చేస్తానన్నాడు. అతని చేతిలో ఉన్న ఫోను ఖరీదు చూసి లాయరుగారు మర్యాదగా పంపించేశారు. ఇంకొకతను చిన్నప్పట్నుంచీ నల్లకోటంటే ప్రాణమన్నాడు. కోటు కుట్టించుకుని ఇంట్లోనే తొడుక్కోమని సలహా ఇచ్చారు. ఆ సలహాకు ఫీజు మాత్రం అడగలేదు.

అబద్ధం చెబితే ఆయన ఇట్టే పట్టేస్తారని కోర్టు మొత్తానికీ తెలుసు. తెలియనివాళ్ళెవరైనా ఉంటే ఆయనే చెప్పేవారు.

ఆఫీసు ఇంటి ముందుగదిలోనే. వరండాలో గుమాస్తా కూర్చుంటాడు. వెనక గదులు సంసారానివి. భార్య తన చెల్లెలి ఊరికి వెళ్ళడంతో ఆ రోజు అటువైపు ఎవరూ లేరు. పడగ్గది బీరువాలో ఉన్న రవ్వల నెక్లెసు గురించి తప్ప లాయరుగారికి ఇంటి దిగులేమీ లేదు. నగల దొంగతనం కేసులో నిర్దోషిగా బయటపడ్డ ఒక క్లయింటు సంతోషం కొద్దీ ఇచ్చిన నెక్లెసు అది. ఎక్కడిదని ఆయన అడగలేదు. జవాబు ముందే తెలిస్తే తప్ప ప్రశ్న వెయ్యకూడదన్నది వృత్తిలో ఆయన నియమం.

అందరికంటే చివర ఒక అమ్మాయి వచ్చింది. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, ఒళ్ళో నల్ల బ్యాగు. కుర్చీ అంచున కూర్చుంది.

"లా ఎందుకు చదివావమ్మా?"

"మా నాన్న కోసమండి. ఆయన లోపలున్నారు."

లాయరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. పొద్దుట్నుంచీ విన్న మొదటి నిజం ఇదేనని ఆయనకు తోచింది. మనసు కాస్త కరిగింది కూడా.

"ఏం నేరం?"

"దొంగతనమండి."

"నిజంగానే చేశాడా?"

"చెయ్యలేదని మీ ముందు చెప్పలేనండి."

ఇంత సూటి జవాబు ఒక్కటి రాబట్టడానికి ఆయన ఏళ్ళ తరబడి సాక్షులను పీక్కుతిన్నారు. ఈ పిల్ల అడగ్గానే చేతిలో పెట్టింది.

"ఇదే మొదటిసారా?"

"కాదండి. ముందు కూడా దొరికారు. అప్పుడు లాయర్ని పెట్టుకునే స్తోమత మాకు లేదు. అమ్మ కోర్టు మెట్లమీద కూర్చుని ఏడ్చేది. ఇంట్లోనే ఒక లాయరుంటే ఆ మెట్లమీద కూర్చునే ఖర్మ తప్పుతుంది కదా అనుకున్నాను. అందుకే చదివాను. ఈసారి కూడా నాన్నకేమైనా అయితే అమ్మ తట్టుకోలేదండి."

చెబుతుంటే ఆమె గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు.

ఇంట్లో ఎక్కడో ఏదో పడిన చప్పుడైంది. అమ్మాయి ఉలిక్కిపడింది.

"పక్కింటి పిల్లి," అన్నారు లాయరుగారు. "దానికి మా వంటిల్లు పుట్టిల్లు. ఇంత చిన్న చప్పుడుకే బెదిరితే కోర్టులో ఎలా నెగ్గుకొస్తావు? సరే గానీ, ఇంతమంది లాయర్లుండగా నా దగ్గరికే ఎందుకొచ్చావు?"

"మీ గురించి బాగా వాకబు చేసుకునే వచ్చామండి. మీరు మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఎవరూ లేచి వెళ్ళలేరని అందరూ చెప్పారు."

లాయరుగారు పొంగిపోయారు. తన మొట్టమొదటి కేసు అందుకున్నారు. అది అయ్యాక రెండోది. అమ్మాయి కళ్ళార్పకుండా విని, ఆగినప్పుడల్లా "తర్వాతేమైందండి?" అని అడిగింది. తర్వాతేమైందో తెలుసుకోవాలని ఆయన భార్యకు కూడా ఎన్నడూ అనిపించలేదు.

మూడో కేసు తీర్పు దాకా వచ్చేసరికి బయట గేటు కిర్రుమంది. అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలి లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ధైర్యంగా ఉండు. మీ నాన్న బయటికొస్తాడు," అన్నారు లాయరుగారు.

"మీరు ఇంత టైమిచ్చాక రాకుండా ఎలా ఉంటారండి," అని ఆమె చేతులు జోడించింది.

"సోమవారం నుంచి పనిలోకి వచ్చెయ్."

ఆమె వెళ్ళిపోయింది. మంచిపని చేసిన తృప్తితో లాయరుగారు గుమాస్తాను పిలిచారు.

"ఆ అమ్మాయిని తీసుకున్నానయ్యా. నిజాయితీ అంటే అదీ. తండ్రి లోపలున్నాడన్న సంగతి ఏమాత్రం దాచకుండా చెప్పింది."

"దాచడానికేముందండి," అన్నాడు గుమాస్తా. "ఇప్పుడే తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి వెళ్ళారు. పాపం పెద్దాయన, వస్తూనే చేతులు కడుక్కోవాలంటే నేనే పెరటివైపు నుంచి లోపలికి పంపించాను."