వాల్వు పెట్టినా

“ఇంకొంచెం పెంచు మురుగేషా. మాటలు తెలీలేదు,” అన్నాడు మునిరత్నం.

నగరిలో మురుగేష్ రేడియో షాపు అది. బల్ల మీద గాజు వాల్వులున్న పాత ఆంప్లిఫైయర్ ఎర్రగా వెలుగుతోంది. దానికి తగిలించిన బుల్లి ఎంపీత్రీ ప్లేయర్‌లోంచి మునిరత్నం కూతురు ధరణి గొంతు షాపంతా నిండిపోయింది. పోయిన శుక్రవారం తిరుచానూరులో పాడిన పాట. మరమగ్గాలు వదల్లేక తండ్రి వెళ్లలేదు.

“ఈ కొత్త ప్లేయర్లలో సౌండు సప్పగా వస్తాదన్నా. వాల్వు తగిలిస్తే గొంతు నిండుగా పలకతాది. ఇప్పుడు సూడు!”

“గుయ్యిమంటా ఉండాది, అంతే. పాప ఏం పాడతా ఉండాదో తెలీలేదే! ఆ ప్లేయర్‌లోనే ఏదో లోపం.”

పక్కనే నిలబడ్డ ధరణికి ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె మురుగేష్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

మగ్గాల షెడ్డులో ఆ మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఇంట్లో కూడా నాయన తన ముఖం చూడకుండా ఎన్నడూ జవాబు చెప్పలేదని ధరణికి ఇప్పుడు తట్టింది.

పాట ఆపించింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాయనా, ఇంటికి పోదామా?”

మునిరత్నం ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

“చున్నీ తీసి చెప్పు పాపా. మాట తెలీలేదు.”

ధరణి చున్నీ తీయలేదు.

“ఇంకో వాల్వు తెప్పిస్తా లేన్నా,” అన్నాడు మురుగేష్, ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి.